ఏళ్ల తరబడి గుడికి వెళ్తున్నా లోపల మార్పు రావడం లేదు, ఏం చేయాలి? – ఒక పాస్టరమ్మ జవాబు

వందనాలు బాబూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. బాప్తిస్మం తీసుకుని పన్నెండేళ్లయింది. ఆదివారం ఆరాధన మానరు, నెలనెలా ఉపవాస కూడికకు వెళ్తారు, పొద్దున్నే ఒంటరిగా బైబిలు చదివి ప్రార్థించే క్వైట్ టైమ్ కూడా ఉంది. అయినా ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక కోపం ఆగదు. మొన్న మీ ఆవిడ “ఇన్ని ప్రార్థనలు చేసి ఏం మారారు?” అనేసరికి మీకు నిద్ర పట్టలేదు. లోపలి నుంచి మార్పు రావాలంటే ఏం చేయాలి, పరిశుద్ధాత్మను నిజంగా ఎలా ఆహ్వానించాలి, ఈ లెంట్‌లో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలంలో) నలభై రోజులు ఉపవాసం ఉంటే పని జరుగుతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మిమ్మల్ని మీరు మార్చుకోవడం మీ చేతిలో లేదు. మీరు ఇన్నాళ్లూ మూసి ఉంచిన చోటు ఏదో కనిపెట్టి, దాని పేరు చెప్పి, దేవుణ్ణి అక్కడికి రానివ్వడం మీ చేతిలో ఉంది. అందుకోసం ఇంకో కార్యక్రమం మొదలుపెట్టక్కర్లేదు. చదివే వాక్యం తగ్గించి నెమ్మదిగా చదవండి. రాత్రి పడుకునే ముందు ఆ రోజును దేవుని ముందు ఒకసారి తిప్పి చూసుకోండి. నమ్మకమైన ఒక్క మనిషికి అసలు సంగతి చెప్పండి. ఎవరి దగ్గరైనా సరిదిద్దుకోవాల్సింది ఉంటే వెళ్లి సరిదిద్దుకోండి. ఉపవాసం సంగతి చివర్లో చెబుతాను.

నేను వేదాంత కాలేజీలో చదువుకోలేదు. పాస్టరు గారి భార్యను. మా అయ్యగారికి బదిలీ అయినప్పుడల్లా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో సంఘం తర్వాత సంఘం తిరిగాను. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకు తరగతులు చెబుతాను, స్త్రీల కూడిక నడుపుతాను, పెళ్లి కుదిరిన పిల్లలతో కూర్చుని మాట్లాడతాను. అయ్యగారి ముందు “అంతా దేవుని కృప అయ్యగారూ” అని వెళ్లిపోయినవాళ్లు, మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ అసలు సంగతి చెబుతారు. నేను రాసేది ఆ వంటింట్లో తెలిసినదే ఎక్కువ.

మీలాగే అడిగేవాళ్లకు నేను మొదట చూపించేది, మన ఇళ్లలో క్యాలెండరు మీద ఉండే వాక్యం. “ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను.” సువార్త సభల్లో రక్షణ లేనివాళ్ల కోసం ఈ మాట వాడతాం. కానీ ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం తీసి చూడండి, అది లవొదికయ సంఘానికి రాసిన ఉత్తరం. అప్పటికే సంఘంలో ఉన్నవాళ్లకు, “నాకేమీ కొదువలేదు” అనుకుంటున్నవాళ్లకు. ఆరాధన జరుగుతూనే ఉంది, కానుకల సంచి తిరుగుతూనే ఉంది, ఆయన మాత్రం బయట నిలబడి ఉన్నాడు. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. మీరు చేస్తున్న భక్తి దొంగ భక్తని నేను అనడం లేదు. ఇంట్లోకి పిలిచిన అతిథిని హాల్లోనే కూర్చోబెట్టి, లోపలి గదికి గొళ్లెం పెట్టడం మనందరికీ అలవాటే.

మీ విషయంలో ఆ లోపలి గది కోపమని మీరు అనుకుంటున్నారు. నాకు అనుమానమే. కోపం సాధారణంగా గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది. లోపల ఇంకేదో ఉంటుంది.

బిల్డింగ్ కాంట్రాక్టులు చేసే ఒకాయన మా సంఘంలో ఉండేవాడు. మంచి గొంతు, ప్రార్థన చేస్తే అందరూ ఆమెన్ అనాల్సిందే. ఇంట్లో మాత్రం చార్జరు కనపడకపోయినా, కూరలో ఉప్పు తగ్గినా ఇల్లు అదిరిపోయేది. కోపం తీసెయ్యమని ఏళ్ల తరబడి దేవుణ్ణి అడిగాడు. ఒకరోజు నేను ఊరికే అడిగాను, “ఏ రోజుల్లో ఎక్కువ కోపం వస్తుందయ్యా?” అని. చాలాసేపు ఆలోచించి, మామగారి దగ్గర నుంచి ఫోన్ వచ్చిన రోజుల్లో అన్నాడు. వ్యాపారానికి ఆయన దగ్గర తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ సిగ్గు భార్య మొహం చూడగానే లేచేది. తీసెయ్యమని అడుగుతున్నది ఒకటి, దాచుకున్నది ఇంకొకటి. ఆ రోజు మొదటిసారి “ప్రభువా, నాకు మామగారంటే సిగ్గుగా ఉంది, భయంగా ఉంది” అని ప్రార్థన చేశాడు. అందులో ఒక్క వాక్యం కూడా వల్లె వేసినట్టు లేదు. కోపం ఆ రోజే పోలేదు. తర్వాత ఆయన మామగారి దగ్గరికి వెళ్లి, నెలకు ఇంత అని ఒప్పుకుని కట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో గొంతు తగ్గడం ఆ తర్వాత సంగతి.

అందుకే “నా కోపం తీసెయ్యి ప్రభువా” అనే ప్రార్థనను కొన్నాళ్లు పక్కన పెట్టి, 139వ కీర్తనలోని ప్రార్థన చేయండి. “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము.” ఇది కష్టమైన ప్రార్థన. మనం డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఒక బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకుంటాం. ఏడాదంతా ఆ ఒక్క మాట పట్టుకుని ఉంటాం, తప్పులేదు. అలా అలవాటై బైబిలు తెరిచినప్పుడల్లా నాకేం ఇస్తావు అనే చూస్తాం. నాలో ఏం చూస్తున్నావు అని అడిగే రోజులు తక్కువ. వాగ్దానాల పేజీలన్నీ పెన్సిల్ గీతలతో నిండిపోయి, మన నడవడిని నిలదీసే యాకోబు పత్రిక మాత్రం కొత్తదానిలా మెరిసే బైబిళ్లు నేను చాలా చూశాను.

వాక్యం నెమ్మదిగా చదవడమంటే ఎలాగో చెబుతాను, ఎందుకంటే “ధ్యానించండి” అని పీఠం మీద నుంచి చెప్పి వదిలేస్తాం, ఎలాగో చూపించం. మీరు రోజుకు మూడు అధ్యాయాల చొప్పున ఏడాదిలో బైబిలు పూర్తి చేస్తున్నానని రాశారు. ఈ ఏడాది ఆపండి. లూకా 19లో, యేసును చూడాలని చెట్టెక్కిన పన్ను వసూలుదారు జక్కయ్య సంగతి తీసుకోండి, పది వచనాలే. పైకి వినపడేలా ఒకసారి చదవండి. కాసేపు ఆగి మళ్లీ చదవండి. రెండోసారో మూడోసారో ఎక్కడో ఒక మాట దగ్గర మనసు ఆగిపోతుంది. అందరికీ అది ఒకే చోట కాదు. ఒకరికి చెట్టెక్కడం దగ్గర, ఒకరికి జనం సణిగిన దగ్గర. మీకు “నేడు నేను నీ యింట నుండవలసియున్నది” అన్న దగ్గర గుండె బరువెక్కిందనుకోండి. అక్కడే ఆగండి. ఎందుకు బరువెక్కిందో ఆయన్నే అడగండి. “ఈ రాత్రి మా ఇంటికి వస్తే ఏం వింటావు ప్రభువా, ఎనిమిదింటికి నేను పిల్లాడి మీద అరిచే అరుపు వింటావు” అని అనాలనిపిస్తే అదే అనండి. ఆ తర్వాత ఏమీ అడగకుండా, ఏమీ చెప్పకుండా కూర్చోండి. మొదట్లో ఆ మౌనం భరించలేం. చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఫోను వేరే గదిలో పెట్టండి, అది చిన్న విషయం కాదు.

ఇలా చదవడం కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. మఠాల్లో సన్యాసులు వందల ఏళ్లుగా ఇలాగే చదివారు. పన్నెండో శతాబ్దంలో గీగో అనే మఠాధిపతి దాన్ని చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరికే ఉండడం అని నాలుగు మెట్లుగా రాశాడు. మనవాళ్లకు మొదటి మూడూ వచ్చు. నాలుగోది మన కూడికల్లో దొరకదు, ఎవరో ఒకరు మైకు పట్టుకునే ఉంటారు.

జక్కయ్య దగ్గరే ఇంకో సంగతి. ఆయన ఇంట్లో యేసు ఏం ప్రసంగం చేశాడో లూకా రాయలేదు. భోజనం చేశారేమో, ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మనకు తెలిసింది, జక్కయ్య లేచి నిలబడి లెక్కలు చెప్పడమే. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. “ప్రభువా, ఇకమీదట మంచిగా ఉంటాను” అనలేదు. అంకెలు చెప్పాడు. లోపల జరిగిన మార్పు ఎప్పుడూ ఇలా ఏదో ఒక లెక్క దగ్గరికి వస్తుంది. డబ్బు లెక్క కావచ్చు, మాట లెక్క కావచ్చు, పొలం గట్టు లెక్క కావచ్చు.

గట్టు అంటే గుర్తొచ్చింది. ఒక ఊళ్లో సంఘ పెద్ద, అన్నదమ్ములిద్దరికీ పక్కపక్కనే పొలం. ప్రతి ఏడూ దున్నేటప్పుడు గట్టును కాస్త కాస్త చెక్కుకుంటూ అన్న పొలంలోకి జరిగాడు. చూసేవాళ్లకు తెలియనంత. అన్నకు తెలుసు, మాటలు ఆగిపోయాయి. ఈయన రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు బల్లకు మాత్రం అందరికంటే ముందు కూర్చునేవాడు. ఒకసారి ప్రభు బల్లకు ముందు మత్తయి ఐదో అధ్యాయంలో “మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము” అన్నది చదివారు. ఆ రోజు ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. తర్వాత సర్వేయరును పిలిపించి, కొలిపించి, గట్టు వెనక్కి జరిపించాడు. అన్న కరిగిపోయి కౌగిలించుకుంటాడని మీరు అనుకుంటున్నారేమో. అలా ఏం కాలేదు. తమ్ముడి కూతురి పెళ్లికి కూడా రాలేదు. కానీ తమ్ముడి భార్య ఒకరోజు నాతో అన్న మాట ఇదీ: “ఇప్పుడు ఆయన కంచం విసరడం లేదమ్మగారూ.” గట్టుకూ కంచానికీ సంబంధం ఏమిటో నేను వివరించలేను. ఇలాంటివి చాలాసార్లు చూశాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. సరిదిద్దుకోవడం అవతలివాళ్ల మంచి కోసం చేయాలి, మన గుండె బరువు దింపుకోవడానికే కాదు. పాత సంగతేదో చెబితే అవతలి మనిషి కాపురం కూలుతుందనుకుంటే, చెప్పే ముందు అనుభవమున్న ఒకరిని సంప్రదించండి. “సాక్ష్యం” పేరుతో ఇతరుల రహస్యాలు సంఘంలో చెప్పేవాళ్లను మాట మధ్యలోనే ఆపి కూర్చోబెట్టిన సందర్భాలు ఉన్నాయి.

రాత్రి పూట చేసేది చాలా చిన్నది. జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా పదహారో శతాబ్దంలో తన వాళ్లకు నేర్పాడు. మన కతోలిక సోదరులు ఆత్మ పరిశోధన అంటారు. ప్రొటెస్టంట్లం కాబట్టి మనకెందుకులే అనుకోకండి, మంచి మందు ఎవరి కొట్లో దొరికినా మందే. నేను గిన్నెలు కడగడం అయ్యాక వెనక మెట్ల మీద కూర్చుంటాను. పొద్దున లేచిన దగ్గర నుంచి రోజును వరుసగా గుర్తు చేసుకుంటాను. ఎక్కడ కృతజ్ఞత చెప్పాలి, ఎక్కడ ఆయన పిలిస్తే వినలేదు, ఎక్కడ మనసు బిగుసుకుంది. తప్పుల జాబితా రాయడానికి కూర్చోకండి, కృతజ్ఞతతోనే మొదలుపెట్టండి. లేకపోతే నాలుగు రోజుల్లో అది పోలీసు విచారణ అయిపోతుంది, ఐదో రోజు మానేస్తారు. మీ కోపం సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. కొన్ని రాత్రులు వరుసగా చూస్తే అది ఎప్పుడొస్తోందో తెలుస్తుంది. హెల్మెట్ తీయకముందే వస్తోందా, పిల్లాడి హోంవర్కు దగ్గరా, ఈఎమ్ఐ మెసేజ్ వచ్చినప్పుడా. మాట నోట్లోంచి రాకముందే ఒళ్లు చెబుతుంది. దవడ బిగుస్తుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఆ క్షణం తెలియడం మొదలైతే, అక్కడ “ప్రభువా, ఇప్పుడు” అని రెండు మాటలు అనడానికి చోటు దొరుకుతుంది. కోపించుటకు నిదానించమని యాకోబు అన్నది ఆ చోటు గురించే అని నా నమ్మకం. పొద్దున ఐదింటికి గంటసేపు చేసిన ప్రార్థన కంటే సాయంత్రం ఏడున్నరకు గుమ్మంలో చేసిన ఆ రెండు మాటల ప్రార్థన వల్ల మారినవాళ్లను ఎక్కువ చూశాను. పొద్దుటి ప్రార్థన లేకపోతే సాయంత్రం ఆ రెండు మాటలు గుర్తురావు, అదీ నిజమే.

అయితే మార్చేది ఎవరు, మనమా ఆయనా అని మీరు మధ్యలో అడిగారు. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో పన్నెండు, పదమూడు వచనాలు కలిపి చదవండి. భయంతో వణుకుతో మీ సొంత రక్షణను కొనసాగించుకోండి అన్న వెంటనే, మీలో కార్యసిద్ధి కలుగజేసేవాడు దేవుడే అంటాడు పౌలు. మన ప్రసంగాల్లో ఒకరు పన్నెండుతో ఆపేస్తారు, విన్నవాళ్లు టెన్షన్‌తో ఇంటికెళ్తారు. ఇంకొకరు పదమూడు మాత్రమే చదువుతారు, విన్నవాళ్లు హాయిగా నిద్రపోతారు. రెండూ ఒకే ఊపిరిలో అన్నాడని గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు కొంచెం నొప్పి కలిగించే మాట. మీరెందుకు మారాలనుకుంటున్నారు? మీ ఆవిడ అన్నది తప్పని చూపించడానికా? మీ ప్రశ్నలో ఆ వాసన కొంచెం తగిలింది. మా బాప్తిస్మ తరగతుల్లో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి చెబుతాను. 1876–78 కరవులో జనం ఆకలితో చచ్చిపోతుంటే, ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం అడుగుతున్నారేమో, కరవు సాయం ఆగాక కూడా అడిగితే అప్పుడు చూద్దాం అని ఆగాడు. సాయం ఆగింది, వాళ్లు మళ్లీ వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె మన తెలుగు బాప్టిస్టుల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నాకు ఆ అంకె కంటే ముందు ఆగిన నెలలు ముఖ్యం. మీరు కూడా ఆగి చూసుకోండి. మీ ఆవిడ మెచ్చుకోకపోయినా, అసలు గమనించకపోయినా, ఈ మార్పు మీకు కావాలా? కావాలని లోపలి నుంచి వస్తే మంచిది. రాకపోతే “ప్రభువా, నాకు నిన్ను కాదు, మంచి పేరు కావాలనిపిస్తోంది” అని చెప్పేయండి. అది కూడా తలుపు తీయడమే.

ఒక్క మనిషికి చెప్పడం గురించి. మగవాళ్లు దీని దగ్గరే ఆగిపోతారు. “మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి” అని యాకోబు రాసినా, మన సంఘాల్లో ప్రార్థన మనవి అంటే ఆరోగ్యం, ఉద్యోగం, వీసా, పిల్లల పరీక్షలు. “నేను ఇంట్లో అరుస్తున్నాను, నా కోసం ప్రార్థించండి” అని లేచి నిలబడ్డ మగవాణ్ణి నేను ఇంకా చూడలేదు. నిలబడక్కర్లేదు కూడా, అందరి ముందూ చెప్పాల్సిన సంగతి కాదది. ఒకరు చాలు. నోరు జారని మనిషై ఉండాలి, మిమ్మల్ని చూసి ఆశ్చర్యపోకూడదు, వెంటనే సలహా ఇవ్వకూడదు. ఇలాంటివాళ్లు దొరకడం కష్టమే. స్టేజీ మీద వెలిగేవాళ్లలో వెతక్కండి, వెనక బెంచీల్లో చూడండి.

మెథడిస్టుల చరిత్రలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విడగొట్టి, ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ వసూలు చేయడానికి ఒక నాయకుణ్ణి పెట్టారు. ఆయన ఇంటింటికీ తిరిగాడు. తిరిగినవాళ్లకు డబ్బుతో పాటు ఇంకోటి కనపడింది, కొందరి బతుకు వాళ్ల భక్తికి తగ్గట్టు లేదని. అది విన్న మెథడిస్టు నాయకుడు జాన్ వెస్లీ, మనకు కావలసింది ఇదే అనుకుని, ఆ అప్పు గుంపులనే వారం వారం ఒకరి ఆత్మ సంగతి ఒకరు విచారించుకునే గుంపులుగా మార్చేశాడు. ఆదివారం పీఠం మీద నుంచి కనపడనిది ఇంటి గుమ్మం దగ్గర కనపడుతుంది.

మార్పు అంటే మెత్తబడటమే అనుకోకండి. కడప వైపు నుంచి కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన ఒక అమ్మాయి నాకు ఫోన్ చేస్తుండేది. అక్కడ శుక్రవారం సెలవు, ఆరాధనకు వెళ్లే వీలు కొన్ని వారాలే దొరికేది. మిగతా రోజుల్లో ఇస్త్రీ చేస్తూ ఒకే వచనం మనసులో అనుకునేది. ఆమె పంపే డబ్బు భర్త తాగుడికి పోతోంది. “నాకు సాత్వికం ఇమ్మని ప్రార్థించండి అమ్మగారూ” అని అడిగేది. అడగ్గా అడగ్గా ఆమెలో వచ్చింది ధైర్యం. డబ్బు భర్త ఖాతాలో వేయడం మానేసి, పిల్లల ఫీజులకు తల్లి ఖాతాలో వేసింది. భర్త తిట్టాడు, అత్తగారు తిట్టింది. “ఇది ఆత్మ ఫలమేనా, పరిశుద్ధాత్మ నాలో పుట్టించిన గుణమేనా?” అని భయపడుతూ అడిగింది. ఆమె గొంతులో ద్వేషం లేదు, భర్త మారాలని ఏడుస్తూనే ఉంది, డబ్బు మాత్రం ఇవ్వలేదు. నేనైతే ఫలమేనన్నాను. గలతీ పత్రికలో సాత్వికం పక్కనే ఆశానిగ్రహం ఉంది, మంచితనం ఉంది, అన్నీ కలిపి ఒకటే ఫలం. నోరు మూసుకుని అన్నీ భరించడాన్ని పరిశుద్ధత అని మన స్త్రీలకు నేర్పి చాలా నష్టం చేశాం.

అందుకని మీకూ ఒక మాట. మీ కోపం చెయ్యెత్తే దాకా వస్తోందా? మీరు రాయలేదు, అయినా అడగాలి. వస్తుంటే నేను పైన చెప్పినవి సరిపోవు. మీ ఆవిడ, పిల్లలు ముందు క్షేమంగా ఉండాలి, కొన్నాళ్లు వేరుగా ఉండాల్సి వచ్చినా సరే. మీరు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. “క్షమించమ్మా, ప్రార్థన చెయ్యి” అని ఆమెను వెనక్కి పంపే సలహా ఎవరిచ్చినా, పాస్టరు గారే ఇచ్చినా, వినకండి.

అలాగే నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోవాలనిపించడం లాంటివి కోపంతో పాటు ఉంటే డాక్టరుకు చూపించుకోండి. మనసుకు వేసుకునే మాత్రలు విశ్వాసం తక్కువని కాదు. బీపీ మాత్ర వేసుకుని ఆరాధనకు వచ్చేవాళ్లను ఎవరూ ఏమీ అనరు కదా. ప్రార్థన చేశాక మందులు మానేయమన్న మనిషి దగ్గరికి రెండోసారి వెళ్లొద్దు. ఆశీర్వాదం వస్తుందని డబ్బు అడుగుతూ “విత్తన కానుక వేస్తే నీలో బంధకాలు తెగుతాయి” అనేవాళ్ల సంగతీ అంతే. జక్కయ్య డబ్బు ఇచ్చింది బీదలకూ, తాను మోసం చేసినవాళ్లకూ.

ఎంత కాలం పడుతుందని కూడా అడిగారు. చెప్పలేను. తొలి శతాబ్దాల సంఘంలో పెద్ద బోధకుడైన అగస్టీన్ 386లో మిలాన్‌లో తోటలో కూర్చుని ఏడుస్తూ రోమా పత్రిక పదమూడో అధ్యాయం తెరిచి చదివాడు, అక్కడే ఆయన జీవితం తిరిగింది. అది అందరూ చెబుతారు. పదేళ్లు దాటాక, బిషప్పు అయ్యాక, తన జీవితం గురించి రాస్తూ ఆయన ఏం ఒప్పుకున్నాడో తక్కువమంది చెబుతారు. తిండి దగ్గర ఇంకా అదుపు తప్పుతున్నాననీ, జనం పొగిడితే ఇంకా లోపల సంతోషంగా ఉంటుందనీ, ప్రార్థనలో మనసు ఎటో పోతోందనీ రాసుకున్నాడు. కాబట్టి ఈ ఈస్టరుకల్లా అయిపోవాలని పెట్టుకోకండి. కొన్ని నెలలు ప్రార్థన ఎండిపోయినట్టుగా కూడా ఉంటుంది. ఏడుపు రాదు, ఒళ్లు పులకరించదు. పరిశుద్ధాత్మ వెళ్లిపోయాడని కంగారు పడి పెద్ద సభల వెంట పరుగెత్తకండి. కూర్చునే చోట కూర్చోండి.

మీ ఆవిడ విషయం. ఆమె అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదనుకుంటాను. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, “నేను కోపంగా ఉన్నప్పుడు నీకెలా ఉంటుంది?” అని అడగండి. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. “కానీ నువ్వు కూడా” అన్న మాట నోటి చివరకు వస్తుంది, మింగేయండి. ఆ వెంటనే ఇద్దరూ కలిసి ప్రార్థన చేద్దాం అని కూడా అనకండి. ప్రార్థన పెట్టి మాట ముగించేయడం మన క్రైస్తవ మగవాళ్లకు బాగా తెలిసిన ఉపాయం.

ఇక ఉపవాసం. చేయొచ్చు, మంచిదే. నలభై రోజులూ ఏమీ తినకుండా ఉండే ఆలోచన మాత్రం వద్దు, అదీ ఉద్యోగం చేస్తూ. మీకు షుగరు మొదలైందని ఒకచోట రాశారు కాబట్టి ఒక్క పూట మానాలన్నా ముందు డాక్టరును అడగండి, మాత్రల టైము మార్చాల్సి రావచ్చు. ఆయన ఒప్పుకుంటే బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం భోజనం మానండి. ఆకలేసినప్పుడు మనిషి అసలు స్వభావం పైకి వస్తుంది. సాయంత్రానికి మీకు చిరాకు పుడుతుంది. ఉపవాసం పాడైందని బాధపడకండి, రాత్రి కూర్చున్నప్పుడు మొదట దాని గురించే మాట్లాడండి. ఆ పూట భోజనం ఖర్చు ఎవరికైనా ఇవ్వండి. డాక్టరు వద్దంటే తిండి జోలికి పోకుండా, ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక పిల్లాడు నిద్రపోయే దాకా ఫోను ముట్టకుండా ఉండండి. మీ విషయంలో అదే కష్టమైన ఉపవాసం అవుతుందేమో.